పొత్తుల జోడు

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే గట్టమ్మ చేనికి పోయి గట్టు మీద నిలబడి చూస్తే, పత్తి కంటే ముందు గడ్డి కనిపించింది. ముసురు పట్టి వదిలేలోపల గరక, తుంగ, గునుగు ఒకదాన్ని మించి ఒకటి లేచాయి. పిలవని పేరంటానికి వచ్చినవాళ్లే ముందు బంతిలో కూర్చుంటారు కదా. పత్తి మొక్కలు జానెడు ఎత్తున, ఆకు కాస్త పసుపు తిరిగి, ఎక్కడున్నాయో వెతుక్కునేలా ఉన్నాయి. ఆమె చెప్పులు విడిచి చేన్లోకి దిగింది. మట్టి అరికాలికి అంటుకుంటోంది గానీ మడమ దిగబడడం లేదు. రేపటికి పదును వస్తుంది. ఆ పదునులో ఎడ్లకు గుంటుక కట్టి తోలితే గడ్డి వేళ్లతో సహా లేచి ఎండకు మాడిపోతుంది, నేల గుల్లయి పత్తి తేరుకుంటుంది. పదును తప్పితే పైపెళ్ల గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎవరు ఏం చేసినా గడ్డిదే రాజ్యం.

పక్క రైతులు గడ్డిమందు కొట్టి చేతులు దులుపుకుంటారు. గట్టమ్మ అదీ ఒకసారి చేసి చూసింది. గడ్డి చచ్చింది గానీ నేల మాత్రం అరుగులా బిగుసుకుపోయింది. ట్రాక్టర్ నిలిచిన పత్తిలోకి రాదు. వచ్చేది ఎడ్ల గుంటుక ఒక్కటే.

లింగాల ఘనపూర్ రోడ్డుకు ఆనుకుని ఉన్న చెలక అది. ఎకరం ముప్పై గుంటలు. దాని వెనక ఉన్న భూమంతా ఎండాకాలంలోనే ప్లాట్లు చేసి అమ్మే వెంచర్ వాళ్లు కొనేశారు. తెల్లటి రాళ్లు పాతి, వాటి మీద ఎర్ర రంగుతో నెంబర్లు వేసి, రాయికీ రాయికీ నీలం ప్లాస్టిక్ దారం కట్టారు. వాళ్లకు రోడ్డు మీదికి దారి కావాలంటే గట్టమ్మ చెలకే కావాలి. జనగామ నుంచి ధర్మేందర్ అనే ఏజెంటు మోటార్ సైకిల్ వేసుకుని వచ్చి అడిగిపోతూనే ఉన్నాడు. పంట తీసినన్ని రోజులు అమ్మను అని ఆమె అతనికి ఒకే జవాబు చెబుతూ వచ్చింది. పంట పోతే ఆ జవాబు కూడా పోతుంది. ఇంకో జవాబు ఆమె దగ్గర లేదు.

ఆమెకు ఉన్నది ఒక్కటే ఎద్దు. ఒంటెద్దుతో వ్యవసాయం ఏమిటని కొత్తవాళ్లు నవ్వుతారేమో గానీ, ఊళ్లో ఒకప్పుడు అలాంటి ఇళ్లు చాలా ఉండేవి. రెండు ఇళ్లు కలిసి చెరో ఎద్దును పెట్టుకుని పొత్తు కట్టుకునేవి. గట్టమ్మకు పొత్తు ఫకీర్ అహ్మద్‌తో. ఆమె బూడిదరంగు మైలెద్దు కాడికి ఎడమవైపు, ఆయన నల్లటి కర్రెద్దు కుడివైపు. ఇంతకాలం అవి ఇంకో ఎద్దు పక్కన నడిచి ఎరగవు. ఆడదాని చెయ్యి నాగలి మీద పడకూడదనే ఊరు కాబట్టి మగదిక్కు లేని గట్టమ్మ పొలం ఆయనే దున్నేవాడు, బదులుగా ఆమె ఎద్దు ఆయన పొలంలోనూ పనిచేసేది. ముందు ఆమె చెలక, అది కాగానే గట్టులోని గండి దాటి వెనకున్న ఆయన చెలక. ఈ లెక్క ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, ఎప్పుడూ తప్పలేదు. ఇప్పుడు ఆ వెనకున్న చెలకలోనే తెల్లరాళ్లు ఉన్నాయి. అమ్మింది ఫకీర్ అహ్మదే.

చేను నుంచి ఆమె వాళ్లింటికి పోయేసరికి ఫకీర్ అహ్మద్ కొట్టం ముందు మంచం నులక బిగిస్తున్నాడు. పక్కనే కర్రెద్దు నెమరేస్తోంది. పని లేని ఎద్దు ఒళ్లు చేసి నున్నగా మెరుస్తోంది. అది చూస్తే గట్టమ్మకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది.

"పదునొస్తున్నదన్నా," అంది.

"వస్తది గద." ఆయన నులక మీంచి చూపు తిప్పలేదు.

"రేపు పొద్దుగాల్ల గుంటుక పెడ్దాం."

"నాకిప్పుడు ఎవుసం లేదు చెల్లే."

"నాకున్నది."

ఫకీర్ అహ్మద్ భార్య లాల్‌బీ రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి ఒకటి గట్టమ్మకు అందించింది. "కూసో వదినె. నిలబడే మాట్లాడతవా?" అంది. గట్టమ్మ కూర్చోలేదు.

"మాజిద్ బేరం మాట్లాడిండు ఎద్దుకు," అన్నాడు ఫకీర్ అహ్మద్. మాజిద్ ఆయన పెద్దకొడుకు, జనగామలో ఆటో నడుపుతాడు. "కాటారం దిక్కు నుంచి వస్తరట కొననీకి. ఆడ అడివి పక్కపొంటి ఊర్లల్ల ఇంక ఎడ్లతోనే దున్నుతరట. ఊకె కట్టేసి మేపుతె దానికి గూడ పాపమే."

"నీ ఎద్దు, నీ ఇష్టం. భూమినే అమ్ముకుంటివి, ఎద్దొక లెక్కనా?"

లాల్‌బీ చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఫకీర్ అహ్మద్ నులక వదిలి తల ఎత్తాడు.

"కొడుకులు అమ్ముమన్నరు. ఎదిగిన పిల్లలతోని ఎంతని కొట్లాడుదు?"

"కొడుకులంటే అంటరు. దస్కతు పెట్టిన చెయ్యి నీదే గాదా? గా చేతులేమైనయన్నా?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ మాట అనేశాక గట్టమ్మకు తన గొంతే తనకు పరాయిగా వినిపించింది. ఫకీర్ అహ్మద్ తన చేతుల వంక చూసుకున్నాడు. కాడి మోకులు లాగి లాగి అరచేతుల్లో కాయలు కాసిన చేతులు. తన సేద్యం మానేసి నెలలు గడిచినా ఆ కాయలు ఇంకా పోలేదు. ఆయన మళ్లీ నులక పట్టుకుని ఒక పేట బిగించాడు, ఇంకో పేట బిగించాడు.

"పొద్దుగాల్ల సల్లటి పూట ఎద్దును ఇప్పుకొని రా," అన్నాడు చివరికి. "గుంటుక నేను తెస్త."

*

మర్నాడు సూర్యుడు రాకముందే రెండెడ్లూ గట్టమ్మ చెలక గట్టు మీద కలిశాయి. చాలా రోజులకు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. మైలెద్దు మెడ చాపి కర్రెద్దు గంగడోలు వాసన చూసింది. ఫకీర్ అహ్మద్ కాడి ఎత్తగానే రెండూ ఎవరూ అదిలించకుండానే తమ తమ వైపులకు వచ్చి మెడలు వంచాయి. మొక్కలు కొరక్కుండా వాటి మూతులకు చిక్కాలు కట్టాడు. గుంటుక ఇనుప పాసను బొటనవేలితో రుద్ది చూసుకున్నాడు. రాత్రి దాన్ని ఆకురాయితో రాసి ఉంటాడు, అంచు తెల్లగా మెరుస్తోంది.

గుంటుక పాస నేలలోకి రెండు వేళ్ల లోతు దిగి, మొక్కల వరసల మధ్య గడ్డిని వేళ్ల దగ్గర కోసుకుంటూ పోయింది. కోసిన గడ్డి పాస మీద పోగుపడినప్పుడల్లా ఫకీర్ అహ్మద్ పిడిని కొంచెం ఎత్తి, విదిలించి, మళ్లీ అదిమి పట్టేవాడు. అలా ఎత్తేటప్పుడు ఎడ్లు ఆగవు, నడక మాత్రం ఒక్క క్షణం తగ్గిస్తాయి. ఆ సంగతి వాటికి ఎవరూ నేర్పలేదు, ఆయన చేతిని బట్టి అవే నేర్చుకున్నాయి. గట్టమ్మ వెనక నడుస్తూ, మట్టిపెళ్ల కింద పడిన పత్తి మొక్కల్ని వంగి లేపి, వేళ్లతో మొదట్లో మన్ను అదిమి నిలబెట్టింది. సాలు సాలుకూ వెనక్కి తిరిగి చూస్తే నేల రంగు మారుతోంది. పచ్చటి చోట ఎర్రమట్టి, ఎర్రమట్టిలో వరసగా పత్తి. ముందురోజు నుంచి గుండెల మీద ఉన్న బరువు దిగినట్టు ఆమెకు అనిపించింది. అన్న మాటకు బాధ మాత్రం అలాగే ఉంది. క్షమించమని అడగడం ఆమెకు చేతకాదు, నడుం పట్టేసినా లేవకుండా వంగే ఉండడం చేతనవును.

ఎండ ముదిరేసరికి చివరి సాలు ముగిసింది. అక్కడితో ఆపి ఎడ్లను విప్పాలి. కానీ ఎడ్లకు అది తెలియదు. గట్టమ్మ చెలక కాగానే గండి దాటడమే వాటికి తెలుసు. అవి చివర్లో తిరిగి తిన్నగా గండి వైపు నడిచి, గండికి అడ్డంగా కట్టిన నీలం దారం ముట్టె దగ్గరికి రాగానే ఆగాయి.

ఫకీర్ అహ్మద్ పగ్గం లాగలేదు. గుంటుక మీంచి చెయ్యి తియ్యలేదు. దారం అవతల ఆయన చెలక ఉంది. విత్తనం పడని నేల, గడ్డి మోకాలెత్తు పెరిగి, మధ్యమధ్య తెల్లరాళ్లు. విత్తనాలప్పుడు గట్టమ్మ చేనికి సాళ్లు పడేలా అచ్చు తోలిపోయాక ఆయన ఈ వైపు తొంగి కూడా చూడలేదు.

"చెల్లే," అన్నాడు.

గట్టమ్మ ఆయన మొహం చూసింది. ఆమె ఎడ్లకు ముందుకు పోయి నీలం దారం చేతికి చుట్టుకుని గుంజింది. తెగలేదు. పళ్లతో కొరికి తెంపి పక్కకు పడేసింది. ఆ పని ఎందుకు చేసిందని తర్వాత ఎవరైనా అడిగితే ఆమె చెప్పగలిగేది ఒక్కటే, ఎడ్లు నిలబడి ఉన్నాయి కాబట్టి చేసింది.

గుంటుక గండి దాటింది. ఫకీర్ అహ్మద్ ఆ గడ్డిలో ఎంత శ్రద్ధగా తోలాడంటే, రేపు విత్తనం పెట్టబోయే నేలకు తోలినట్టే తోలాడు. వంకర పోనివ్వలేదు. రాయి అడ్డం వచ్చినచోట ఎడ్లు పక్కకు తప్పుకున్నాయి గానీ ఆయన పిడి ఎత్తలేదు. పాస రాయి మొదట్లో తగిలి గర్రుమంది, రాయి ఒరిగింది, ఇంకో రాయి మట్టితో సహా లేచి పడింది. నీలం దారాలు పాసకు చుట్టుకుని గడ్డితోపాటు ఈడ్చుకొచ్చాయి. ఆయన వాటిని కూడా గడ్డిని విదిలించినట్టే విదిలించాడు. అవతల రేకుల షెడ్డులో వెంచర్ కూలీలు లేచి నిలబడ్డారు. ఒకడు దారం తెంపినప్పటి నుంచే సెల్ ఫోన్ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. గట్టమ్మ వాళ్లను చూసింది. ఆపమని చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ చెప్పలేదు. ఆయన నడుం నిటారుగా ఉంది. ఎండాకాలం నుంచి ఆయన్ను అలా చూడలేదు.

పోయి, తిరిగి వచ్చి, మళ్లీ పోయి, ఒక పట్టె పూర్తయ్యాక ఆయన ఎడ్లను ఆపి చిక్కాలు తీశాడు. కాడి దించి, మెడల మీద చెమట అరచేత్తో తుడిచాడు. వెనక్కి తిరిగి తోలిన నేలను చూశాడు.

"ఇంకో వాన వడితె ఏమన్న ఎయ్యొచ్చు," అన్నాడు.

గట్టమ్మ మైలెద్దు పలుపు పట్టుకుని ఇంటిదారి పట్టింది.

*

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మర్నాడు లాల్‌బీ వచ్చి గట్టమ్మ గడపలో కూర్చుంది. ఆమె చేతులకు ఇంకా సబ్బు నురగ వాసన ఉంది.

"ఠాణా నుంచి ఫోనొచ్చింది వదినె. కేసు పెడతరట, రేపు రమ్మన్నరు. పొద్దుటాల లేచి నమాజుకు తొడిగే తెల్లంగి తీసి ఉతకమన్నడు. ఠాణాకు పోనీకి," అంది.

"మాజిద్ ఏమంటున్నడు?"

"కాళ్లు వట్టుకుంటున్నడు వాడు. తెల్వక జేసిన, ఎడ్లు గుంజుకపోయినయ్ అని ఒక్క మాట సెప్పు బాపు, వాళ్లు ఇడిసి పెడతరు అంటున్నడు. ఈయన చెప్పడట." లాల్‌బీ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తెల్వక చెయ్యలే, తెలిసే చేసిన అంటున్నడు. ఎన్నిసార్లడిగినా గదే మాట. రాతిరి నుంచి బువ్వ ముట్టలే. బీపీ గోలీ గూడ ఏసుకోలే. ఠాణాల ఒక్క రాత్రి కూసోబెడితే మనిషి దక్కుతడా వదినె?"

ఇంతవరకు ఆ మనిషి ఠాణా మెట్లు ఎక్కలేదు. ఊళ్లో ఎవరి గట్టు తగాదా వచ్చినా కొలతాడు పట్టుకోవడానికి ఆయన్నే పిలిచేవాళ్లు. ఆయన పట్టుకుంటే రెండో మాట ఉండేది కాదు. లాల్‌బీ ఏదీ అడగలేదు. చెప్పాల్సింది చెప్పి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. ఆమె అడిగి ఉంటే గట్టమ్మకు కొంచెం తేలికగా ఉండేదేమో.

ఆమె వెళ్లాక ఎక్కువసేపు కాలేదు, ధర్మేందర్ మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. ఇస్త్రీ అంగీ, జేబులో రెండు ఫోన్లు, నోట్లో ఎప్పుడూ తీపి మాట. వచ్చి ఇంటి ముందు గద్దె మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగాడు.

"ఎంత పని చేసిండవ్వా ముసలాయన," అన్నాడు బాధపడుతున్నట్టు. "మా సేటుకు మస్తు కోపమొచ్చింది. కొలతలన్ని మల్ల మొదటికొచ్చినయ్. నేనే జర ఆగుమంటున్న, పెద్దమనిషి గదా అని."

ఫోన్ తీసి చూపించాడు. చిన్న అద్దంలో రెండెడ్లు, వెనక ఒక మనిషి, ఒరుగుతున్న రాళ్లు. అంతకుముందు ముక్కలో ఒక ఆడమనిషి వంగి నోటితో దారం కొరుకుతోంది. తనను తాను అలా చూడడం గట్టమ్మకు అదే మొదటిసారి. కుక్క ఏదో కొరికినట్టుంది.

"దారం తెంపింది నేనే గద. నా పేరు రాయించు," అంది.

"దారానికేముందవ్వా, అది కేసు గాదు. రాళ్లు వీకిందాయన. అమ్మిన భూమిలకొచ్చి వీకిండు. నీ పేరు నేను రానియ్య. నువ్వు మాకు కావల్సిన మనిషివి." ధర్మేందర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నాకు తోచింది చెప్త, తప్పైతే తిట్టు. రోడ్డుకు దారి లేక గదా సేటుకీ పరేషాన్. ఆ దారి దొరికిందనుకో, ఆయనకు రాళ్లూ యాదికుండవ్, కేసూ యాదికుండది."

అడిగినట్టు లేదు, బెదిరించినట్టు లేదు. గంజిలో ఈగ పడిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. గట్టమ్మ అతని మోటార్ సైకిల్ వంక, దాని చక్రానికి అంటిన ఎర్రమట్టి వంక చూస్తూ కూర్చుంది. తన చెలక మట్టే అది. గడ్డి తీసేసిన పత్తి కళ్లముందు మెదిలింది. పొద్దున పోయి చూసి వచ్చింది. ఆకుల పసుపు అప్పుడే విరుగుతోంది. ఈ ఏడు కాపు బాగుంటుంది. నేలను చూస్తే తెలుస్తుంది.

ఆయన్ను రమ్మని ఇంటికి పోయి అడిగింది తనే. చేతులేమైనయ్ అని అన్నది తనే. ఆ చేతులతోనే ఆయన జవాబు చెప్పాడు. ఇప్పుడు ఆ జవాబుకు ఆయన ఒక్కడే ఠాణాలో కూర్చుంటే, తను చేన్లో పత్తి ఏరుకుంటూ బతకాలి. ఎటు తిప్పి ఆలోచించినా చెలక ఇవ్వడం తప్ప ఇంకో దారి కనపడలేదు.

"పత్తి ఏరుకునేదాంక ఆగుతరా?" అని అడిగింది.

ధర్మేందర్ మొహం మారింది. అంత తొందరగా ఆ మాట వస్తుందని అతనూ అనుకోలేదు. "గది గాదవ్వా. సేటు పూజకు మూర్తం పెట్టించిండు. శ్రావణంల. కమాను రోడ్డు మీదనే లేపాలె. పంటకు ఇంత అని కట్టిస్త, నాది పూచీ."

"పంటకు కట్టియ్యకు," అంది గట్టమ్మ. "ఫకీరన్నను ఠాణాకు పిలువొద్దు. ఇయ్యాలనే ఫోన్ చేసి చెప్పు. నేను నీకు ఎందుకిచ్చిన్నో ఆయనకు తెల్వొద్దు. తెలిస్తే నేనియ్య."

"ఎందుకవ్వా?"

"తెలిస్తే ఆయన తెల్లంగి తొడుక్కొని తనంతట తనే ఠాణాకు నడుస్తడు."

ధర్మేందర్ నవ్వబోయి ఆగాడు. అక్కడే కూర్చుని ఫోన్ చేశాడు. అటువైపు ఎవరో గట్టిగా మాట్లాడారు, ఇతను సార్, సార్ అన్నాడు. ఫోన్ పెట్టేసి అయిపోయిందన్నట్టు చెయ్యి ఊపాడు. పని ఇంత సులువుగా అయ్యేదైతే కేసు అన్నది అసలు ఎంతవరకు ఉందో గట్టమ్మకు అనుమానం వచ్చింది. కానీ అనుమానాన్ని పరీక్షించాలంటే ఫకీరన్నను పణం పెట్టాలి. ఆమె వేలు సిరాలో అద్దుకుని, అతను తీసిన కాగితాల మీద చూపిన చోటల్లా ముద్ర వేసింది.

*

కాటారం బేరగాడి బొలెరో బండి ఫకీర్ అహ్మద్ కొట్టం ముందు ఆగిందని విని గట్టమ్మ మైలెద్దును విప్పుకుని నడిపించుకుపోయింది. మాజిద్ బండి వెనక తలుపు దించి గడ్డి పరుస్తున్నాడు. కర్రెద్దు ఎక్కనని కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. ఫకీర్ అహ్మద్ కొంచెం దూరంలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కేసు లేదని ఎవరో ఫోన్ చేసి చెప్పారట. ఎందుకు లేదో ఆయన అడగలేదు. పీకిన రాళ్లు మళ్లీ పాతేశారని మాత్రం తెలుసు.

"దీన్ని గూడ ఎక్కించు మాజిదూ," అంది గట్టమ్మ.

"నీదెందుకత్తా?"

"జోడు ఇడగొట్టకు. ఆడ దున్నేటోళ్లకు జోడైతేనే అక్కెరకొస్తయ్."

బేరగాడు మైలెద్దు పళ్లు చూసి, గిట్టలు చూసి తల ఊపాడు. మైలెద్దు బల్ల మీదికి నడిచి ఎక్కగానే వెనకే కర్రెద్దు ఎక్కింది. కాటారంలో నిజంగా ఎడ్లతో దున్నుతున్నారా, ఈ బండి నిజంగా కాటారమే పోతుందా అని అడగాలనిపించింది ఆమెకు. అడగలేదు. కొన్ని మాటల్ని నమ్మడానికి వాటిని రెండోసారి అడక్కుండా ఉండడమొక్కటే దారి.

ఫకీర్ అహ్మద్ మంచం మీంచి లేచి వచ్చాడు.

"గుంటుక తోలి వారం గాలే. పత్తిల ఇంకోపాలి తోలాలె. ఎద్దునమ్మి ఏం జేస్తవ్?"

గట్టమ్మ నేల చూపు చూసింది. "ఇగ నాకేం పని దానితోని," అంది.

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. రోడ్డు పక్క చెలక, దారి, ధర్మేందర్ మోటార్ సైకిల్. ఒక్కొక్కటే ఆయన మొహంలో కనపడ్డాయి.

"అమ్మినవా?"

"అమ్మిన."

"మొన్న నన్నేమన్నవ్ చెల్లే? చేతులేమైనయ్ అన్నవ్. కొడుకులు మెడ మీద కూసుంటె నేను పెట్టిన దస్కతు. నీ మెడ మీద ఎవరు కూసున్నరు? నీకు కొడుకులు గూడ లేకపాయె." ఆయన గొంతు పెంచలేదు. "నేను అమ్మిన్నాటి నుంచి ఒక్కటే అనుకున్న. నాది పోతె పోయింది, గట్టమ్మది ఉన్నది గద, ఆ గట్టు మీద నిలబడొచ్చు గద అనుకున్న."

మాజిద్ ఏదో అనబోయాడు. లాల్‌బీ గుంజ పట్టుకుని గట్టమ్మ వంకే చూస్తోంది. ఆమెకు కొంచెం అర్థమైనట్టుంది. గట్టమ్మ ఆమె కళ్లను తప్పించింది.

"పైసలకు ఆశపడ్డనన్నా," అంది.

"పైసలకా," అన్నాడు ఫకీర్ అహ్మద్.

బండి కదిలింది. ఆయన దాని వంక చూడలేదు, ఆమె వంక చూడలేదు. కొట్టంలోకి పోయి ఎద్దు మేసే ఖాళీ గాడి ముందు నిలబడ్డాడు. గట్టమ్మకు ఆయన వెనకే పోయి ఉన్న మాట చెప్పేయాలనిపించింది. చెబితే ఆయన తనను క్షమిస్తాడు, తనను తాను క్షమించుకోలేడు. పలుపు చుట్ట చేసుకుని ఆమె ఇంటికి వచ్చేసింది. ఆ రోజు మానుకోట నుంచి కూతురు సంధ్య ఫోన్ చేసి, ఇగ ఆడేమున్నదే అవ్వా, మా దగ్గరికి వచ్చేయ్ అంది. వస్త బిడ్డా అంది గట్టమ్మ. ఇన్నేళ్లలో ఆ మాట ఆమె అనడం అదే మొదలు.

*

గుంటుక తోలాక ఆడవాళ్ల పని మిగిలి ఉంటుంది. పాసకు అందకుండా మొక్క మొదట్లో నక్కిన గడ్డిని కూర్చుని వేళ్లతో పీకాలి. గట్టమ్మ ఆ పని మొదలుపెట్టింది. ఎవరూ పెట్టమనలేదు. రోజూ తెల్లారి పోయి, సాలు పట్టుకుని, గొంతుక్కూర్చుని జరుగుతూ పీకేది. రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లు నెమ్మది చేసి చూసేవాళ్లు. అమ్మిన చేనుకు కలుపు తీస్తోందేమిటి, మతి గానీ చలించిందా అని ఒకరిద్దరు అనడం ఆమెకు వినబడింది. పత్తి నల్లపచ్చగా తిరిగి, మొదటి మొగ్గలు తొడిగింది.

జేసీబీ వచ్చిన పొద్దున కూడా ఆమె చేన్లోనే ఉంది. దాని వెనకే ధర్మేందర్ వచ్చాడు.

"అవ్వా, లేవాలె ఇగ," అన్నాడు గట్టు మీంచి.

"ఇంకో రెండు సాళ్లున్నయ్."

"గవి తీసి ఏం జేస్తవ్ అవ్వా? ఎట్లైనా..." అతను డ్రైవర్ వైపు తిరిగి కానియ్ అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంజన్ మోత పెరిగింది. ఇనుప తొట్టి పైకి లేచి, రోడ్డు వైపు గట్టు మీదికి వంగింది. గట్టు ఒక్క పెట్టున విరిగి చేన్లోకి ఒరిగింది. గట్టమ్మ తల ఎత్తలేదు. వేళ్లు మొక్క మొదట్లోకి పోయి, గడ్డిని పోచ పోచగా పట్టుకుని, మొక్క కదలకుండా గుంజుతున్నాయి. కళ్లలో నీళ్లకు మొక్క ఏదో గడ్డి ఏదో తెలియక ఒకసారి ఆగి, మోచేత్తో తుడుచుకుని మళ్లీ పట్టుకుంది.

మోత ఉన్నచోటే ఉండిపోయింది. ముందుకు రాలేదు.

చూస్తే జేసీబీ ముందు ఫకీర్ అహ్మద్ నిలబడి ఉన్నాడు. ఎటునుంచి వచ్చాడో ఆమె చూడలేదు. ఒంటి మీద ఠాణాకని ఉతికించుకున్న తెల్లంగి ఉంది. ఒక చెయ్యి పైకెత్తి డ్రైవర్‌కు చూపించి ఉంచాడు.

"జర ఆపు," అంటున్నాడు. "రెండు సాళ్లున్నయట."

ధర్మేందర్ ఆయన దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. ఆయన వినిపించుకోలేదు, చెయ్యి దించలేదు. గట్టమ్మ వైపు కూడా తిరగలేదు. కోపం అలాగే ఉంది, వీపు చూస్తే తెలుస్తోంది. డ్రైవర్ ఇంజన్ ఆపేసి బీడీ ముట్టించుకున్నాడు.

గట్టమ్మ ఒక సాలు తీసింది. రెండో సాలు పట్టింది. తొందరపడలేదు, ఆలస్యమూ చెయ్యలేదు. ఎప్పుడూ తీసేంత సేపే తీసింది. చివరి మొక్క దగ్గర తుంగ గడ్డ ఒకటి లోతుకు దిగి ఉంది. పైకి గుంజితే తెగి మళ్లీ మొలుస్తుంది. వేలితో మట్టి తవ్వి గడ్డతో సహా తీసి గట్టు అవతల పడేసింది. మొక్క చుట్టూ మన్ను సర్ది అదిమింది. మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా లేచి నిలబడి, ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది. చేన్లో పత్తి తప్ప ఇంకేమీ లేదు.

"అయిపోయిందన్నా," అంది. "ఇగ తోలుకోమను."

ఫకీర్ అహ్మద్ చెయ్యి దించాడు.